అలంకార లేసులతో చేతిసంచుల అల్లిక: పని, లెక్క, కూలి

పట్టణముల దుకాణములలోను, పెళ్ళి సరుకుల అంగళ్ళలోను ఇప్పుడొక విధమైన చేతిసంచి కనబడుచున్నది. అది తోలుతో చేసినది కాదు, గుడ్డ కత్తిరించి కుట్టినదియు కాదు. చీరల అంచులకు, రవికలకు వేయు లేసులు, రిబ్బనులు, డోరీలు మొదలగువానినే దారమువలె పట్టుకొని, క్రోషియా సూదితో గాని స్వెట్టరు సూదులతో గాని అల్లినది. చూపునకు అందముగా నుండును. ధరయు బాగుగనే పలుకును. మగ్గము పని తగ్గిన నెలలలో ఇంటి ఆడువారు ఈ పని చేసినచో నాలుగు రూపాయలు వచ్చునా యని మన కుటుంబములలో పలువురు ఆలోచించుట సహజము.

వచ్చును. కాని అది అల్లిక నేర్చినంత మాత్రమున రాదు. ఏ సరుకు పనికివచ్చునో, సంచి ఎందుకు సాగునో, ఒక్కొక్క సంచికి ఎన్ని మీటర్లు, ఎన్ని గంటలు పట్టునో ముందుగా తెలిసికొన్నవారికే గిట్టుబాటగును. ఈ వ్యాసము ఆ సంగతులను వరుసగా చెప్పుటకు ఉద్దేశింపబడినది.

లేసు అను మాటకు రెండర్థములు

మన వాడుకలో లేసు అను మాట రెండు వస్తువులకు చెల్లుచున్నది. గోదావరి ప్రాంతమున సన్నని నూలుదారముతో చేత అల్లిన జాలిపనిని లేసు అందురు. బజారులో గజాల లెక్కన అమ్ము అలంకారపు పట్టీలనుకూడ లేసులే అందురు. ఈ వ్యాసమున లేసు అనగా రెండవదియే. ఈ పట్టీలు కొన్ని సన్న వెడల్పు మగ్గములపై నేయబడును. కొన్ని జడ అల్లు యంత్రములపై తయారగును. కొన్ని క్రోషియా యంత్రమని పిలువబడు యంత్రముపై తయారగును. పేరు క్రోషియా యంత్రమైనను అది పడుగు దారములను ఉచ్చులుగా బిగించు యంత్రమే గాని, చేతి క్రోషియా కుట్టును వేయునది కాదు. స్వెట్టరు అల్లికకు యంత్రములు చాలకాలమునుండి ఉన్నవి. చేతి క్రోషియాను యథాతథముగా వేయు యంత్రము నేటికిని వాడుకలోనికి రాలేదు. కనుకనే ఈ పనిలో చేతికి ఇంకను విలువ గలదు.

నేతకును అల్లికకును భేదము

పడుగు, పేక అను రెండు వరుసల దారములు ఒకదానినొకటి అడ్డముగా దాటుట నేత. ఆ దారములు ఇంచుమించు తిన్నగా నుండును గనుక పడుగు వైపు లాగినను, పేక వైపు లాగినను గుడ్డ కొద్దిగానే సాగును. అల్లికలో ఒక్కటే దారము. అది ఉచ్చులు ఉచ్చులుగా వంగి, ఒక ఉచ్చులోనుండి మరియొకటి వచ్చుచుండును. లాగినచో ఆ వంపులు తిన్నబడి గుడ్డ సాగును. చేతిసంచి విషయమున తెలిసికొనవలసిన మొదటి సంగతి ఇదియే.

రెండు సూదుల అల్లికలో ఒక వరుసలోని ఉచ్చులన్నియు ఒకేసారి సూదిమీద నుండును. అందువలన అది మెత్తగా, ఎక్కువగా సాగును. ఒక్క ఉచ్చు తెగినచో క్రింది వరుసల వరకు జారిపోవును. క్రోషియాలో ఒక కుట్టు ముగిసిన తరువాతనే మరియొక కుట్టు మొదలగును. కావున గుడ్డ బిగువుగా నుండును, తెగినను అంత వేగముగా జారదు. బరువు మోయు సంచికి క్రోషియాయే మేలు. రెండు సూదుల అల్లికను పెళ్ళిళ్ళలో పట్టుకొను చిన్న ముడుపు సంచులకు, లోపల గట్టి అస్తరు వేసి, వాడుకొనవచ్చును.

ఏ లేసు అల్లికకు పనికివచ్చును

మంచి లేసులన్నియు అల్లికకు మంచివి కావు. సూదితో ఉచ్చులోనుండి లాగునప్పుడు పట్టీ మడతపడును, ఒరయును, వంగును. వీనికి తట్టుకొనునదే పనికివచ్చును.

నూలు నాడాలు, పాలియెస్టరు నాడాలు 4 మొదలు 8 మిల్లీమీటర్ల వెడల్పుగలవి చాల అనుకూలము. ఇవి జారవు, కుట్టు స్పష్టముగా కనబడును.

గుండ్రని డోరీకి మడత బాధ లేదు. సిల్కు మెరుగు డోరీ మాత్రము జారుడు స్వభావము గలది. దాని కొసలను కుట్టి బిగింపనిచో నెల తిరుగకముందే ఊడివచ్చును.

సాటిను రిబ్బను అందమైనదే కాని, అంచులు పోగులు లేచును. కత్తిరించిన కొసలను కొవ్వొత్తి మంట దగ్గరకు చూపినచో పాలియెస్టరు కరిగి అతుకుకొనును. నూలు, పట్టు, జరీ కలిసిన పట్టీలకు ఈ పద్ధతి చేయరాదు. అవి కాలిపోవును.

పాము మెలికలవలె నుండు జిగ్ జాగు పట్టీ ఉచ్చులో చిక్కుకొనును. పెద్ద సూదితో వదులుగా అల్లినచో పూలవలె లేచి కనబడును. దానిని సంచి అంతటికి గాక మూడు నాలుగు వరుసలకు వాడుట మంచిది.

జరీ గోటు విషయమున జాగ్రత్త అవసరము. అసలు జరీ యనగా పట్టుదారముచుట్టు చదునుచేసిన వెండి తీగెను చుట్టి బంగారు పూత వేసినది. రాగి తీగెతో చేసినది నకిలీ జరీ. ప్లాస్టికు పొరతో చేసినది మూడవ రకము. తీగె జరీ మరల మరల వంగినచో చిట్లును, చేతికి గీచుకొనును, చెమటకు నల్లబడును. ప్లాస్టికు పొర జరీ తేలికగా వంగును గనుక అల్లికకు అదియే తగినది. అసలు జరీ పట్టీని అల్లి పాడుచేయుటకంటె సంచి ముందుభాగమున పైకుట్టుగా వేయుట యుక్తము.

పూసలు, అద్దములు గల లేసులు ఉచ్చులో దూరవు. వానిని చివరగా కుట్టవలెను.

రంగు పరీక్ష మరువరాదు. తడిసిన తెల్లగుడ్డతో పట్టీని గట్టిగా రుద్ది చూడవలెను. రంగు అంటినచో ఆ సరుకు వద్దు. చెమటపట్టిన చేతితో పట్టుకొను వస్తువుకు, తెల్లచీర ప్రక్కన వ్రేలాడు వస్తువుకు రంగు దిగుటకంటె పెద్ద లోపము లేదు.

మగ్గము దగ్గర దొరకు సరుకు

బజారు లేసు కొననవసరములేని చోట్లుకూడ ఉన్నవి. నాడె లేని రేపియరు మగ్గములు నడచు కార్ఖానాలలో గుడ్డకు ప్రక్కగా పేక కొసలు మిగిలి, కొద్దిపాటి పట్టుదారములతో కూడి, కుచ్చువలె కత్తిరింపబడి పడిపోవుచుండును. అది రంగురంగుల కుచ్చు పట్టీయే. షోలాపురము, భివండి వంటి చోట్ల మరమగ్గముల వారికి ఇది ఎరుకే. దానిని ఒంటిగా అల్లరాదు. పట్టుకొనియున్న దారములు కొద్ది గనుక లాగినచో పేక ముక్కలు రాలును. గట్టి నూలుతాడుతో జంటగా పట్టుకొని అల్లినచో కుచ్చులు పైకి లేచి అందముగా నుండును. నూనె మరకలున్న భాగమును ముందే తీసివేయవలెను.

చేమగ్గము గలవారికి మగ్గముపై మిగిలిన పడుగు కొసలు, కండెలలో మిగిలిన నూలు, చిరిగిన చీరల అంచు పీలికలు ఉండును. మిగిలిన నూలు పోగులను పది పన్నెండు కలిపి, ఒక వైపు పురిపెట్టి, రెండుగా మడిచి ఎదురుపురి ఇచ్చినచో చక్కని తాడగును. ఈ తాడుతో సంచి దేహమును అల్లి, లేసును నాలుగైదు వరుసలకు మాత్రమే వాడినచో ఖర్చు ఎంత తగ్గునో క్రింద లెక్కలో చూడవచ్చును.

సంచి అల్లు విధము

ఇచ్చట చెప్పునది అడుగు 24 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు, సంచి ఎత్తు 20 సెంటీమీటర్లు గల చిన్న చేతిసంచి. పట్టీ వెడల్పు 6 మిల్లీమీటర్లు, సూది 8 మిల్లీమీటర్లు.

ముందు మచ్చు ముక్క అల్లవలెను. 10 కుట్లు, 10 వరుసలు అల్లి కొలిచినచో 10 సెంటీమీటర్ల చదరము రావలెను. పెద్దదైనచో చిన్న సూదిని, చిన్నదైనచో పెద్ద సూదిని తీసికొనవలెను. మచ్చు పూర్తియైన పిదప దానిని విప్పి పట్టీని మీటరు బద్దతో కొలిచి వ్రాసికొనవలెను. దానికి పట్టిన కాలమునుకూడ గడియారము చూచి వ్రాసికొనవలెను. ఈ రెండంకెలే తరువాతి లెక్కకంతకును మూలము.

పట్టీ మెలిపడకుండ చూచుట ముఖ్యము. కండె కొసనుండి నూలు లాగినచో ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క మెలి పడునని, చిలప తిరుగుచు విప్పినచో మెలి పడదని మనవారికి చెప్పనక్కరలేదు. లేసు చుట్టయు అంతే. దానిని ఒక కడ్డీకి గ్రుచ్చి, తిరుగుచు విప్పుకొనునట్లు పెట్టవలెను. ప్రక్కనుండి లాగినచో పట్టీ త్రాడువలె మెలివడి సంచి గరుకుగా వచ్చును.

25 గొలుసు కుట్లు వేయవలెను. మరాఠీ ఇరుగుపొరుగుతో మెలగు సోదరీమణులు వీనిని సాఖళి యందురు. సూది నుండి రెండవ గొలుసులో మొదలుపెట్టి 24 ఒంటి కుట్లు వేయవలెను. దీనినే ముకా ఖాంబ్ అందురు. సూదిని క్రింది కుట్టులో దూర్చి పట్టీని పైకి లాగినచో సూదిమీద రెండు ఉచ్చులుండును. మరల పట్టీని చుట్టి ఆ రెంటిలోనుండి ఒకేసారి లాగినచో ఒంటి కుట్టగును. వరుస చివర ఒక గొలుసు వేసి త్రిప్పి, ఈ విధముగా 6 వరుసలు అల్లినచో అడుగు పూర్తియగును.

తరువాత త్రిప్పక, అడుగు చుట్టును అల్లుకొనిపోవలెను. పొడుగు వైపులకు 24 చొప్పున, పొట్టి వైపులకు 6 చొప్పున మొత్తము 60 కుట్లు. మూలలలో కుట్లు పెంచరాదు. పెంచినచో అడుగు పరచుకొనిపోవును, పెంచనిచో గోడ దానంతటదే పైకి లేచును. చుట్టు మొదటి కుట్టునకు రంగుదారము గుర్తుగా కట్టి, 20 చుట్లు అల్లవలెను. ప్రతి రెండు చుట్లకొకసారి 60 కుట్లు ఉన్నవో లేవో లెక్కించుట మంచిది. తగ్గినచో సంచి నోరు మూసికొనును.

ఒక చుట్ట ముగిసి మరియొక చుట్ట చేర్చునప్పుడు ముడి వేయరాదు. ముడి ఉచ్చులో దూరదు, సంచిపై గడ్డవలె కనబడును. రెండు కొసలను 3 సెంటీమీటర్ల మేర ఒకదానిపై నొకటి పెట్టి అదే రంగు దారముతో కుట్టవలెను.

పిడులు, అస్తరు, బరువు పరీక్ష

పిడులనుకూడ అల్లుట పలువురకు అలవాటు. అల్లిన పిడి బరువుకు సాగి సన్నబడి భుజమును కోయును. మన మగ్గముపై 3 సెంటీమీటర్ల వెడల్పు గట్టి నాడా నేసికొని దానిని పిడిగా వేయుట అన్ని విధముల మేలు. పడుగు బిగువుగా నుండు నేత నాడా సాగదు. ఆ నాడా సంచి నోటివద్ద మాత్రమే కుట్టక, లోపలివైపున అడుగువరకు దింపి కుట్టినచో బరువంతయు నాడాపై పడును, అల్లిక అలంకారముగా మిగులును.

లోపల అస్తరు తప్పనిసరి. అల్లిక కన్నములలోనుండి చిల్లర డబ్బులు, తాళపు చెవులు జారిపోవును. అస్తరును సంచికంటె ఒక సెంటీమీటరు పొట్టిగా కుట్టినచో బరువు అస్తరుపై పడి అల్లిక సాగదు. అడుగున గట్టి అట్టను గాని ప్లాస్టికు రేకును గాని అమర్చవలెను.

మొదటి సంచి పూర్తియైన తరువాత దానిని అమ్మకమునకు పంపరాదు. అందులో 2 కిలోల బియ్యము పోసి ఒక రాత్రి మేకునకు తగిలించి ఉంచవలెను. తెల్లవారి ఎత్తు కొలువవలెను. 20 సెంటీమీటర్లది 21 దాటినచో కుట్టు వదులైనదని గాని, నాడా అడుగువరకు దిగలేదని గాని గ్రహించి సరిదిద్దుకొనవలెను. కొన్నవారి ఇంట సాగినచో ఆ దుకాణమువారు మరల మన సరుకు అడుగరు.

ఇక లెక్క

ఈ క్రింది ధరలు లెక్క పద్ధతి తెలియుటకు వేసికొన్నవి మాత్రమే. ఎవరి ఊరి ధరలు వారు వేసికొనవలెను.

సంచి గోడ 60 సెంటీమీటర్ల చుట్టుకొలత, 20 ఎత్తు. అనగా 1200 చదరపు సెంటీమీటర్లు. అడుగు 24కు 6, అనగా 144. మొత్తము 1344. మచ్చు ముక్క 100 చదరపు సెంటీమీటర్లు గనుక సంచి 13.44 మచ్చులకు సమానము. మచ్చునకు 6.5 మీటర్ల పట్టీ పట్టినదనుకొన్నచో 87.4 మీటర్లు. కొసలకు, అతుకులకు నూటికి 5 వంతున కలుపగా సుమారు 92 మీటర్లు. 10 మీటర్ల చుట్టలు 10 కొనవలెను. మీటరు 4 రూపాయలైనచో 400 రూపాయలు. నాడా, అస్తరు, అట్ట, గుండీలకు 100 రూపాయలు. సరుకు మొత్తము 500.

మచ్చునకు 15 నిమిషములు పట్టినచో సంచి అల్లికకు 3 గంటల 22 నిమిషములు. కొసలు దోపుట, అస్తరు, పిడులు కుట్టుట కలిపి మొత్తము 5 గంటల 30 నిమిషములనుకొందము. గంటకు 60 రూపాయల కూలి వేసికొన్నచో 330 రూపాయలు. సంచి అసలు ధర 830 రూపాయలైనది. దుకాణమువారు అమ్మకపు ధరలో నూటికి 30 తీసికొనువారైనచో, మనకు 830 మిగులవలెనన్న సంచిని సుమారు 1,190 రూపాయలకు అమ్మవలెను.

ఇప్పుడు ఒక వ్యాపారి ఇంటికి వచ్చి, సంచికి 650 ఇత్తుననెననుకొందము. సరుకు 500 పోగా 150 మిగులును. చూచుటకు లాభమే. దానిని 5 గంటల 30 నిమిషములకు పంచినచో గంటకు 27 రూపాయలు. గంటలు వ్రాసికొననివారికి ఈ సంగతి తెలియనే తెలియదు. నెలకు ఇరువది సంచులు అల్లి 3,000 రూపాయలు వచ్చినవని సంతోషింతురు. దానికి 110 గంటలు పోయినట్లు ఎరుగరు.

రెండవ మార్గము చూడుడు. 20 చుట్లలో 5 చుట్లకే లేసు వాడి, మిగిలినది ఇంటి నూలుతాడుతో అల్లినచో లేసు సుమారు 20.5 మీటర్లు పట్టును. మూడు చుట్టలు, 120 రూపాయలు. నూలుతాడు 72 మీటర్లు. ఇంటిదైనను ఊరకే వేయరాదు, నూలుకు వెల కట్టవలెను. మీటరునకు 1.25 చొప్పున 90 రూపాయలు. పై ఖర్చులు 100. సరుకు మొత్తము 310. తాడు పురిపెట్టుటకు అరగంట కలుపగా కాలము 6 గంటలు, కూలి 360. అసలు ధర 670. అదే వ్యాపారి అదే 650 ఇచ్చినను, 340 రూపాయలు మిగిలి గంటకు సుమారు 57 రూపాయలు వచ్చును. వెల మారలేదు, కూలి రెట్టింపు దాటినది.

నరసాపురము నేర్పు పాఠము

ఇంత నొక్కి చెప్పుటకు కారణము గలదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురము, దాని చుట్టుపట్ల గ్రామములలో క్రోషియా లేసు అల్లిక పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలద్వారా ప్రవేశించి, వేలకొలది స్త్రీల పనియైనది. ఆ సరుకు విదేశములకు పోయినది. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ అచ్చట పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె చూపిన ముఖ్య విషయమేమనగా, లోకపు బజారునకు సరుకు తయారుచేయు ఆ స్త్రీలను కార్మికులని ఎవరును అనలేదు. వారు గృహిణులు, తీరికవేళల అల్లుకొనువారు అని భావించిరి. తీరికవేళ పనియని పేరుపెట్టిన తరువాత కూలి తక్కువైనను అడుగువారుండరు.

మగ్గము ఇండ్లలో ఈ అలవాటు మనకును క్రొత్త కాదు. నూలు చుట్టునది, కండెలు పట్టునది, పడుగు అతుకునది ఇంటి ఆడువారే. చీరకు వచ్చిన మజూరీ మాత్రము మగ్గముపై కూర్చున్నవాని పేర లెక్కింపబడును. సంచుల పనియు ఆ దారినే పోరాదు. ఎవరు అల్లిరో వారి పేరిట గంటలు వ్రాయవలెను. వచ్చిన కూలి వారి చేతికే ఇయ్యవలెను.

పేరు, ముద్ర

నరసాపురము క్రోషియా లేసు సరుకులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. కావున ఇతర చోట్ల అల్లినదానికి ఆ పేరు పెట్టరాదు. 2006లో వచ్చిన చేనేత ముద్ర చేమగ్గముపై నేసిన సరుకునకే చెందును. యంత్రపు లేసుతో అల్లిన సంచిపై అది వేయుట తప్పు. మరి ఏమని వ్రాయవలెను? చేతితో అల్లినది, పిడి చేమగ్గముపై నేసినది, పట్టీ పాలియెస్టరు, నీటిలో నానబెట్టరాదు అని ఉన్నదున్నట్లు వ్రాసిన చీటీ కట్టిన చాలును. చేమగ్గముల వారు చేనేత పేరు మరమగ్గపు సరుకుపై చూచి ఎంత నష్టపోయిరో ఎరిగినవారము గనుక, మనమే అట్టి పని చేయరాదు.

స్థానిక సంఘములు ఈ విషయమున మూడు పనులు చేయవచ్చును. పదిమంది కలిసి లేసును టోకున తెప్పించినచో మీటరు ధర తగ్గును. ప్రతి నమూనాకు పట్టిన మీటర్లు, గంటలు ఒక పుస్తకమున వ్రాసి అందరకు చూపినచో క్రొత్తగా చేరినవారు మోసపోరు. ఇంత గంటకూలికి తగ్గి ఎవరును అల్లరాదని ఒక కట్టుబాటు చేసికొన్నచో, వ్యాపారి ఒక ఇంటిమీద మరియొక ఇంటిని పోటీ పెట్టి ధర దించలేడు.

ఈ పనికి పెట్టుబడి ఒక సూది, రెండు మూడు చుట్టల లేసు, ఇంటి మిగులు నూలు. దీనికి నాలుగవదిగా ఒక పుస్తకము, పెన్సిలు చేర్చుకొని, మొదటి మచ్చు ముక్క నాటినుండియే లెక్క వ్రాయ మొదలిడవలెనని మా సోదరీమణులకు మనవి.